పంచుకోరాని సంచి

మిరపచేలో పనికి పోయేవాళ్లు అన్నం క్యారేజీతో పాటు సెలైన్ సంచి కూడా భుజాన తగిలించుకునే రోజులవి. ఎండ అంతగా ముదిరింది. పొద్దున్నే ఊరి మిషన్ ఒక్కొక్కరి చెమట చూసి, ఎవరికి తగిన ఉప్పూ నీళ్లూ వాళ్లకు కలిపి ఇచ్చేది.

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ పెద్ద తోడికోడలు కోటమ్మ కళ్లు తిరిగి సాలులో కూలబడింది. కొడవలి మొన తగిలి ఆమె సంచి ఎప్పుడో కారిపోయింది.

"నీది సగం ఎక్కించవే నాంచారీ! పచ్చడి పంచుకున్నట్టే గదా," అన్నారు తోటి కూలీలు.

నాంచారమ్మ తన సంచి వంక చూసింది. నిండుగా ఉంది. కోటమ్మది బలం లేని గుండె. ఇందులో సగం ఒంట్లోకి పోయినా ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి.

"ఎక్కించను."

"సొంత తోడికోడలికే! ఎంత పిసినారిదానివే!"

నాంచారమ్మ కోటమ్మను వీపున వేసుకుని గట్ల వెంట మిషన్ దాకా నడిచింది. మిషన్ అరచేతిలో పట్టేంత సంచి ఇచ్చింది. అది చుక్క చుక్కగా ఎక్కింది.

చివరికి కోటమ్మ కళ్లు తెరిచింది. "ఒక్క కంచంలో తిన్నాం గదే. నీ సంచి ఇవ్వడానికి చేతులు రాలేదా?"

నాంచారమ్మ కొంగుతో ఆమె నుదురు తుడిచింది.

"తిట్టక్కా, బాగా తిట్టు. తిట్టడానికి ఊపిరుంది గదా, నాకది చాలు."