మూడో చుక్క

"నీ పెన్ను ఇలా ఇవ్వు," అంది సీనియర్ కెమిస్టు, ల్యాబులో అందరూ చూస్తుండగా.

ఆమె చేతిలో ఆకాశరామన్న ఉత్తరం ఉంది. పరీక్ష చెయ్యకుండానే ఆమె ఫలితాలు రాసేస్తుందని, ఎడమచేత్తో గీసినట్టున్న వంకర అక్షరాలతో ఎవరో పైవాళ్లకు రాసి పడేశారు. దాంతో ఇంకో ఊరి ల్యాబుకు హెడ్డుగా వెళ్లాల్సిన ప్రమోషన్ కాస్తా ఆగిపోయింది. ఉన్న ఊరే మేలు, పోనీలే వదిలెయ్యమని భర్త నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. రాసినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి కడిగెయ్యందే తనకు అన్నం సహించదంది.

అనుమానమంతా పక్క బల్ల దగ్గర పనిచేసే, అందరూ 'పెన్సిలు' అని పిలిచే కుర్రాడి మీదే. ఆ పదవికి వరసలో రెండోవాడు అతనే. చేరిన కొత్తలో పరీక్ష ప్లేటు మీద పెన్సిలుతో గియ్యాల్సిన గీత పెన్నుతో గీశాడు. ద్రావకం ఎక్కేసరికి ఆ సిరా కూడా రంగులు రంగులుగా విడిపోయి పైకి పాకింది. అప్పటినుంచీ అతని పేరు పెన్సిలే.

అతను పెన్ను తీసి ఇచ్చాడు. "కానీ ఉత్తరం సిరా, నా సిరా పక్కన మూడో చుక్క కూడా పెట్టండి మేడమ్. సంబంధం లేని పెన్ను ఒకటి పక్కన లేకపోతే అది రుజువు కాదు. మీరు నేర్పిందే."

ఆమె మూతి తిప్పుకుని, తన బ్యాగులో చేతికందిన పెన్ను తీసింది. ఉత్తరంలో ఒక అక్షరం కత్తిరించి, స్పిరిట్ చుక్కలో నానబెట్టింది. సన్నని గాజుగొట్టంతో పెన్సిలు గీత మీద మూడు చుక్కలు పెట్టి, ప్లేటును బీకరులో నిలబెట్టి మూత వేసింది. ద్రావకం నెమ్మదిగా ఎక్కుతుంటే, అతన్ని ఏమేం తిట్టాలో మనసులోనే వరసగా పేర్చుకుంది. కడుపు మంట అలాంటిది మరి.

ప్లేటు బయటికి తీసింది. అతని పెన్ను చుక్క ఒంటి నీలంగా అడుగునే ఉండిపోయింది. ఉత్తరం చుక్క నీలం, ఊదా, గులాబిగా విడిపోయింది. మూడోదీ అంతే. అవే రంగులు, అదే ఎత్తు.

"కలవకూడనిదే కలిసింది మేడమ్," అన్నాడు పెన్సిలు మెల్లగా.

తన మీద తనే రాసుకుందా అన్నట్టు అందరూ ఆమెను చూశారు. అంతలో ఫోను మోగింది. ఇంటికి తీసుకెళ్లడానికొచ్చి గేటు దగ్గరున్న భర్త.

"పొద్దున హడావిడిలో నా పెన్ను నీ బ్యాగులో వేసుకున్నావేమో చూడు."

ఆమె ప్లేటు వంక ఒక్క క్షణం చూసింది.

"వేసుకున్నానండీ. లోపలికొచ్చి తీసుకోండి, పదిమందీ ఇక్కడే ఉన్నారు."