పెంటమ్మ మీద తీర్మానం

తీర్మానాన్ని బలపరచడానికి అరుణ లేచి నిలబడింది. చేతిలో కాగితం ఉంది కానీ దాన్ని చూడలేదు. మాటలన్నీ కంఠతా వచ్చు.

"స్వలింగ సంబంధంలో ఉన్నవాళ్లు గానీ, అలాంటివాళ్లను ఇంట్లో పెట్టుకున్నవాళ్లు గానీ సంఘంలో ఏ పదవిలోనూ ఉండరాదు. దీన్ని నేను బలపరుస్తున్నాను."

కూర్చుంది. 

సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో జరుగుతున్న మెథడిస్టు సంఘాల కాన్ఫరెన్సు అది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి డెబ్బై మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. రెండేళ్లుగా ఈ ఒక్క సంగతి మీదే నిలువునా చీలి ఉన్నారు. సగంమంది బైబిలు వాక్యం చూపించేవారు. మిగతా సగం కనికరం ఏమైందని అడిగేవారు. ఆ రోజు ఎవరూ పేరు ఎత్తలేదు గానీ, తీర్మానం ఎవరిమీదో అందరికీ తెలుసు.

మూడో వరుసలో మేళ్లచెరువు పెంటమ్మ కూర్చుని ఉంది. నాట్లకూ కలుపులకూ పోయి కొడుకును చదివించిన మనిషి. కొడుకు సురేందర్‌కు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. ఆ ఇంట్లో అతనితో పాటు ఇంకొకాయన ఉంటున్నాడనీ, వాళ్లు వట్టి దోస్తులు కారనీ పెంటమ్మే నోరు తెరిచి తన సంఘంలో చెప్పింది. దాచుకోలేదు.

అరుణ మిర్యాలగూడలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. పోయినేడు స్త్రీల సమాజం అధ్యక్ష పదవికి నిలబడితే, సంతకం పెట్టడానికే తడుముకునే పెంటమ్మ గెలిచింది. అందుకే ఈ కడుపుమంట అని అందరూ అనుకున్నారు. అరుణ కాదనలేదు. తీర్మానంలో 'ఇంట్లో పెట్టుకున్నవాళ్లు' అన్న ముక్కను పట్టుబట్టి చేర్పించింది ఆమే.

పెంటమ్మను ఆ ఇద్దరూ కారులో తీసుకొచ్చి, వెనక కుర్చీల్లో కూర్చున్నారు. సురేందర్ ఫోన్ చూసుకుంటున్నాడు. రెండో అతను, ఆ పొడుగాయన, మధ్యమధ్యలో ముందుకు వచ్చేవాడు. "అమ్మా, గోలీ" అని పెంటమ్మ చేతిలో మాత్ర పెట్టేవాడు. మోకాళ్లు నొప్పి పుట్టకుండా కాళ్ల కింద చిన్న పీట జరిపేవాడు. పక్క వరుస మీద చూపు పడకుండా వెనక్కి వెళ్లిపోయేవాడు.

ఆ పక్క వరుసలోనే అరుణ ఉంది. 'అమ్మా' అన్న ప్రతిసారీ ఎవరో చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టయ్యేది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పొడుగాయన పళ్లెంలో గుత్తి వంకాయలు పడ్డాయి. పెంటమ్మ ఏమీ అడక్కుండానే వాటిని తీసి తన పళ్లెంలో వేసుకుంది. అతనికి ఏది పడుతుందో, ఏది పడదో ఆమెకు అంత బాగా తెలుసు. అతను నవ్వాడు.

అరుణ ముద్ద కలిపి పళ్లెంలోనే వదిలేసింది. చదువా, ఇల్లా, పేరా, ఆ మనిషికి ఏముందని? అయినా తన దగ్గర లేనిదేదో ఆమె కొంగున కట్టుకుని తిరుగుతున్నట్టుంది. ఆ పదవి ఊడితే చాలదనిపించింది. ఆ బల్ల ఖాళీ కావాలనిపించింది.

ఓటింగుకు ముందు పెంటమ్మ మాట్లాడతానంది. పొడుగాయన చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొచ్చి, తను పక్కకు జరిగి నిలబడ్డాడు.

"అయ్యగార్లకు వందనాలు. నాకు వాక్యం సదవరాదు, ఇనుడే" అంది పెంటమ్మ. "నా ఇంట్ల ఇద్దరున్నరు. ఒకణ్ణి నేను కన్న. ఇంకొకణ్ణి నా కొడుకు తోలుకొచ్చిండు. ఎవరి పిల్లగానివని నేనడగలే. నా మోకాలు ఆపరేషనప్పుడు నెల దినాలు నన్నెత్తుకొని బాత్రూముకు తీస్కపోయింది ఆ రెండోడే. ఆయన్ని ఎల్లగొడితేనే పదవి ఉంటదంటే, పదవే తీస్కోండ్రి."

వచ్చి కూర్చుంది. 

చేతులు ఎత్తమన్నారు. తీర్మానం వైపు ముప్పై ఆరు, అటువైపు ముప్పై ఏడు. ఒక్క ఓటుతో తీర్మానం వీగిపోయింది.

పక్క కుర్చీలోని సౌందర్య అరుణ వైపు వింతగా చూసింది. "అదేంది టీచర్? మీరే బలపరిస్తిరి, మీరే చెయ్యెత్తకపోతిరి?"

"భుజం నొప్పిగా ఉంది" అంది అరుణ. ఒళ్లో బిగించిన చేతులు రెండూ ఇంకా విడిపోలేదు.

హాలు ఖాళీ అవుతోంది. గుమ్మం దగ్గర టీలు పోస్తున్నారు. పెంటమ్మ అరుణ వైపు చూపించి, పొడుగాయనతో ఏదో చెప్పింది. "పొద్దటి సంది ఏం తిన్నట్టు లేదు ఆ టీచరమ్మ. జర ఛాయ్ ఇచ్చి రా" అన్న మాటలు ఇక్కడికి వినిపించాయి.

 అతను కప్పు పట్టుకుని, ఖాళీ కుర్చీల మధ్య నుంచి మెల్లగా వచ్చాడు. దగ్గరికి వచ్చాక గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు కనిపించాయి.

అరుణ తలెత్తింది. 

"టీ తీసుకోండి, మేడం" అన్నాడతను. కప్పు ఆమె పక్క కుర్చీలో పెట్టి, పెంటమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆరేళ్ల కింద మిర్యాలగూడలో, "ఇంకెప్పుడూ నన్ను అమ్మా అని పిలవకు" అని చెప్పి అతన్ని గడప దాటించింది అరుణే.