కత్తెర కోసం వచ్చే పెద్దమ్మ

అన్నిటికన్నా నాకు భయం, నా కూతురు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని రావడం. ఎనిమిదో తరగతితో చదువాగిపోయినదాన్ని.

"అమ్మా, బారోకీ లెండ్‌కీ తేడా ఏంటి?"

అదృష్టం, పైవాటాలో ఒంటరిగా ఉండే పెద్దమ్మ గుర్తొచ్చింది.

"పెద్దమ్మ రోజూ వచ్చి మన కత్తెర అడుగుతుందా, అది బారో. నేను పళ్లు నూరుకుంటూ ఇస్తానా, అది లెండ్."

పాప పకపకా నవ్వింది. "పెద్దమ్మకి మూడు కత్తెరలున్నాయమ్మా. నేను చూశాగా!"

"మరి మనదెందుకే?"

"నువ్వు విసుక్కుంటూనే కూర్చోమంటావు. ఆ మూడు కత్తెరలూ కూర్చోమనవు కదా!"

నిన్న పెద్దమ్మ రాకపోతే పీడ విరగడైందనుకున్నాను. ఇవాళా రాలేదు.

ఇద్దరం పైకి పరిగెత్తాం. చాలాసేపు తట్టాక తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని, జ్వరంతో వణుకుతూ పెద్దమ్మ.

"కత్తెర ఉందా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. "మూడున్నాయే తల్లీ! ముందు కూర్చో."

"ఇప్పుడు నువ్వు బారో, పెద్దమ్మ లెండ్!" వెనకనుంచి పాప.

మీ ఇంటికీ చీటికీమాటికీ ఏదో ఒకటి అడగడానికొచ్చే మనిషి ఉండే ఉంటారు. రెండు రోజులుగా రాకపోతే, ఒక్కసారి వెళ్లి చూసి రండి.