కావుమనని కాకులు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన ఒక్క పన్నూ ఊడిపోవాలి. ఒకప్పుడు కాకులకి వింత జబ్బొచ్చింది. అది పట్టిన కాకి రెక్కలు వాల్చి కూలబడేది. అరుపు వింటే అంటుకుంటుందని పుకారు పుట్టి, కోటి కాకులూ నోళ్లు కట్టేసుకున్నాయి. పదిమందినీ పిలవకుండా తినడం కాకికి చేతకాదు కదా, కొండంత అన్నం ముందు పెట్టుకుని ఎండిపోసాగాయి.

జబ్బుపడ్డ పిల్లకాకి కూడా మెతుకు ముట్టక కళ్లు తేలేస్తుంటే, తల్లి అరవబోయింది.

"నోర్ముయ్యవే, అందర్నీ చంపుతావా?" అంది పక్కకొమ్మ కాకి.

"నువ్వు చెవులు మూసుకో వదినా. నా పిల్ల ఆకలితో పోయేలా ఉంది," అని తల్లి ఆకాశం చిల్లుపడేలా "కావ్" మంది.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి ఆ వదినే వచ్చి, ఎడంగా కూర్చుని, మెతుకు కొరికింది. అది చూసి పిల్ల నోరు తెరిచింది. సాయంత్రానికి ఆకాశం నిండా కాకులే. జబ్బింకా పోలేదు గానీ, నాలుగు మెతుకులు తిని పడ్డవాళ్లు లేస్తున్నారు.

వంటింట్లో గారె ఉంది, కాకులకి గోడమీద పెట్టిరా. దారిలో కొరక్కు.