వెనక ఎడమ అద్దం

మామగారి పాతకాలం కారులో వెనక ఎడమ అద్దం పైకి రాకుండా చేసింది చిన్నల్లుడే.

సర్వీసింగు వంకతో కారుని తన షాపుకి తీసుకెళ్లాడు. తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి ఆ అద్దం వైరు బయటికి లాగి, ఒకే చోట అటూ ఇటూ వంచాడు. ఓ యాభైసార్లు. పైన తొడుగు చెక్కు చెదరలేదు. లోపల రాగి మాత్రం పుటుక్కున తెగింది. వైరుని మళ్లీ గొట్టంలోకి తోసేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇది నా వల్ల అయ్యేది కాదు మామయ్యగారూ. అన్నయ్యకే ఇవ్వండి" అన్నాడు, ఎక్కడలేని వినయంతో.

అన్నయ్య అంటే తోడల్లుడు. ఇద్దరూ కార్ల ఎలక్ట్రీషియన్లే. షాపులు ఎదురెదురు. ఆరేళ్ల క్రితం, అత్తవారింట్లో అందరూ భోజనాల దగ్గరుండగా, "మా తమ్ముడికి ఫ్యూజు మార్చడం తప్ప ఇంకేం రాదు" అని పకపకా నవ్వాడు పెద్దల్లుడు. ఆ రోజు నుంచి చిన్నల్లుడి పేరు ఫ్యూజు. పిల్లలు ఫ్యూజు బాబాయ్ అంటారు. కస్టమర్లూ అదే అంటారు. ఓసారి కట్టుకున్న భార్య కూడా నోరు జారింది. ఆ మంట ఇవాళ్టికీ ఆరలేదు.

పెద్దల్లుడు కారు తీసుకెళ్లాడు. ఫ్యూజు పని మానేసి ఎదురు షాపుకేసి చూస్తూ కూర్చున్నాడు. మొదటిరోజు స్విచ్చు మార్చారు. మూడోరోజు మోటారు విప్పారు. ఐదోరోజు తలుపు తలుపంతా ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టారు. పెద్దల్లుడు షాపు మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న పూట, ఫ్యూజు వరసగా రెండు టీలు తాగాడు. కడుపు చల్లబడిందంటే నమ్మండి.

తొమ్మిదోరోజు, ఆదివారం, మామగారి వాకిట్లో కారు ఆగింది. ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు.

"క్షమించండి మామయ్యగారూ. చేతకాలేదు" అన్నాడు పెద్దల్లుడు.

మామగారి మొహం వాడిపోయింది. "నువ్వే కాదంటే ఇంకెవరు చేస్తారు అల్లుడూ?"

"తమ్ముడున్నాడుగా. చూడమనండి."

ఆ మాటకి పెద్దల్లుడి భార్య, వదినగారు, కిసుక్కున నవ్వింది. ఫ్యూజుకి ఒళ్లు మండిపోయింది.

"పది నిమిషాలు! ఈలోపు అద్దం పైకి రాకపోతే రేపే నా షాపు బోర్డు దించేసి, అన్నయ్య దగ్గర పనికి చేరతా. వస్తే మాత్రం, 'నీకు పని వచ్చు, నాదే తప్పు' అని ఆయన అందరి ముందూ చేతులు కట్టుకుని చెప్పాలి."

"సరే" అన్నాడు పెద్దల్లుడు, నేల చూపులు చూస్తూ.

మామగారు గడియారం చూసుకున్నారు.

ఫ్యూజు ఏమాత్రం తొందరపడలేదు. ఆరేళ్ల కసి తీరే వేళ, ఒక్క నిమిషం కూడా వృథా పోకూడదు. స్విచ్చు నొక్కి, కదలని అద్దాన్ని అందరికీ చూపించాడు. మీటరు పెట్టి గంభీరంగా తలాడించాడు. కావాలనే ఫ్యూజుల పెట్టె తెరిచి, "ముందు నాకు వచ్చిన పని చూసుకోవాలిగా" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఈసారి ఆ నవ్వు తీపిగా ఉంది.

"ఇంకో నిమిషమే ఉంది అల్లుడూ" అన్నారు మామగారు కంగారుగా.

"చాలు మామయ్యగారూ. అన్నయ్యా, చేతులు కట్టుకో" అంటూ రబ్బరు గొట్టంలోకి రెండు వేళ్లు దూర్చి, వైరు బయటికి లాగాడు.

తను తెంపిన చోట, ఎవరో అప్పటికే శుభ్రంగా టంకం వేసి అతికించి, పైన కొత్త తొడుగు కూడా తొడిగి ఉంచారు. మరి అద్దం కదలకుండా ఇంకెక్కడ తెంపారో!