కువైట్ నుంచి పదకొండు క్లిక్కులు

పొద్దున్న ఎనిమిది కాకముందే ఆ రోజు నెట్‌లో పచ్చడి ప్రకటన ఆగిపోయింది.

మెర్సీ ఫోను పట్టుకుని అరుగు మీదే కూర్చుండిపోయింది. ఇలా జరగడం వరసగా ఇది ఆరో రోజు.

లోపల వాళ్ళమ్మ మార్తమ్మ రొయ్యలు వేయిస్తోంది. ఇల్లంతా ఆ వాసనే.

మార్తమ్మ తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి కిందటేడు తిరిగొచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా మళ్ళీ వెళ్తానంటోంది. ఏజెంటు అప్పుడే వీసా తెప్పించాడు.

వెళ్ళొద్దని మెర్సీ పట్టుబట్టింది. అమ్మ పెట్టే రొయ్యల పచ్చడిని ఆన్‌లైన్‌లో అమ్ముదామంది.

మూడు నెలలు చూద్దామంది మార్తమ్మ. మూడో నెలకైనా అరవై సీసాలు పోతే ఉండిపోతానంది. లేదంటే విమానం ఎక్కుతానంది.

రాజోలులో కంప్యూటర్ సెంటర్ నడిపే శ్యామ్ బాబు వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చాడు. నెట్‌లో ప్రకటన ఎలా పనిచేస్తుందో మెర్సీకి కొట్టు లెక్కన చెప్పాడు.

"రోడ్డు మీద పోతూ మన బోర్డు చూస్తే అది ఇంప్రెషన్. గుమ్మం ఎక్కితే క్లిక్కు. సీసా పట్టుకెళ్తేనే కన్వర్షన్. మనం డబ్బు కట్టేది గుమ్మం ఎక్కినందుకమ్మా."

"కొనకుండా దిగిపోయినా కట్టాలాండీ?"

"ఆయ్. కట్టాలి."

రోజుకి నూటయాభై రూపాయలు. అంతకుమించి పెట్టే స్తోమత మెర్సీకి లేదు. ఆ డబ్బు అయిపోతే మర్నాటిదాకా ప్రకటన ఎవరికీ కనబడదు.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకీ, గల్ఫులో ఉండి ఇక్కడి పిల్లలకి ఏదైనా పంపాలనుకునేవాళ్ళకీ కనబడేలా పెట్టారు.

మొదటి నెల ముప్పై సీసాలు పోయాయి. రెండో నెల నలభై నాలుగు. కొన్నవాళ్ళు దాదాపు అందరూ హైదరాబాదు హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు. సైటులో కాకుండా ఫోను చేసి అడిగేవారు.

మన సంగతి ఎలా తెలిసిందో కనుక్కోమన్నాడు శ్యామ్ బాబు. కొనడానికొచ్చినవాళ్ళని ఆరా తీస్తే బాగుండదని మెర్సీ ఎవరినీ అడగలేదు.

మూడో నెలలో ఈ బెడద మొదలైంది.

పొద్దున్న ఏడున్నరకి, కువైట్‌లో ఒకే ఇంటి నెట్ నుంచి ఎవరో ప్రకటన నొక్కుతున్నారు. సైటు తెరుస్తారు. కాసేపు చూస్తారు. ఏమీ కొనరు. మళ్ళీ నొక్కుతారు.

మొదట్లో రోజుకి ఒకటీ రెండూ ఉండేవి. ఇప్పుడు పదకొండు.

మెర్సీ రాజోలు వెళ్ళి చూపించింది. శ్యామ్ బాబు లెక్కలన్నీ తిరగేసి, ఎవరో గిట్టనివాళ్ళు మన డబ్బు అవగొట్టడానికే చేస్తున్నారని తేల్చాడు.

"రేపెప్పుడైనా కొంటారేమోనండీ," అంది మెర్సీ.

"కొనేవాళ్ళు రోజుకి పదకొండుసార్లు గుమ్మమెక్కి దిగుతారామ్మా? వాళ్ళకేమన్నా కాళ్ళ తీటా?"

మెర్సీ రోజులు లెక్కపెట్టుకుంది. నెలాఖరుకి పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

"అయితే ఆపెయ్యండి," అంది.

ఆ ఇంటి నెట్‌కి ప్రకటనే కాదు, సైటు కూడా తెరుచుకోకుండా శ్యామ్ బాబు ఆపేశాడు.

మర్నాడు ప్రకటన సాయంత్రందాకా నడిచింది. హైదరాబాదు నుంచి క్లిక్కులు పెరిగాయి. మెర్సీ ఆ అంకెలు తీసుకెళ్ళి అమ్మకి చూపించింది.

మార్తమ్మ ఫోను వంక చూసి నవ్వింది. "మరి సీసాలో?" అంది.

సీసాలు కదల్లేదు.

ఆ వారం నాలుగు పోయాయి. తరవాతి వారం రెండు. ఫోను మోగడమే మానేసింది. సిగ్నల్ లేదేమోనని మెర్సీ డాబా ఎక్కి మరీ చూసుకునేది.

నెలాఖరుకి మొత్తం పంతొమ్మిది.

 మార్తమ్మ బాణలి తోమి బోర్లించింది. మోకాళ్ళకి రాసుకునే తైలం రెండు సీసాలు పెట్టెలో సర్దుకుంది.

వెళ్ళిన మూడు వారాలకి, ఓ శుక్రవారం ఫోను చేసింది. ఆ రోజు ఆమెకి సెలవు.

"ఇక్కడ తెలుగువాళ్ళ కొట్టు దగ్గర ఒకావిడ నన్ను ఆపేరే. మన సైటులో నా ఫొటో చూసి గుర్తుపట్టేరంట. వీరాయమ్మగారని, మురమళ్ళ ఆవిడ."



వీరాయమ్మ పద్నాలుగేళ్ళుగా అక్కడే ఒకింట్లో పనిచేస్తోందట. రోజూ పనిలోకి దిగేముందు మన కొట్టుకి బోణీ చేస్తున్నానని మెర్సీ ప్రకటన నొక్కేదట. ఎన్నిసార్లు నొక్కితే కొట్టువాళ్ళకి అన్ని డబ్బులు పడతాయని ఆవిడకి ఎవరో చెప్పారు. ఆ ఇంట్లో పనిచేసే మిగతా ఆడవాళ్ళ చేత కూడా నొక్కించేదట.



"'కువైట్ నుంచి తిరిగొచ్చేసిన మా అమ్మ చేతి పచ్చడి' అని రాసేవు కదా. అది చదివేరంట. మనలో ఒక్కత్తయినా మళ్ళీ ఇటు రాకుండా ఇంటి దగ్గర ఉండిపోవాలని అలా చేసేరంట. నన్ను చూసి ఒకటే ఏడుపే."

"ఆవిడ ఎప్పుడూ ఏమీ కొనలేదు కదమ్మా," అంది మెర్సీ నెమ్మదిగా.

"పంపడానికి ఆవిడకెవరూ లేరే."

 ఫోనులో ఎవరివో మాటలు వినబడుతున్నాయి.

"ఉన్నట్టుండి పేజీ తెరుచుకోకపోయేసరికి, మనం కొట్టు ఎత్తేసేమనుకుని అందరికీ అదే చెప్పేరంట," అంది మార్తమ్మ.

"అందరికీ అంటే?"

"మనకి ఫోన్లు చేసిన ఆ హాస్టలు పిల్లలున్నారు చూడు, ఇక్కడే ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళ అమ్మలందరికీ శుక్రవారం శుక్రవారం ఈ కొట్టు ముందు నిలబడి మన నంబరు ఇచ్చింది ఆవిడేనే."