తెర మీద ఒక్క పేరు

"రాండి సార్, మీరే సూడండి!" అని మేనేజర్‌ను పిలుస్తూనే శివకుమారి ఎంటర్ కొట్టింది. నెలరోజులు పైథాన్ నేర్చుకుని, బేతంచెర్ల నాపరాళ్ల గని ఆఫీసు కోసం తను రాసిన మొదటి ప్రోగ్రాం అది. మేస్త్రీ హాజరు వేసినా, గేటులో వేలిముద్ర పడనివాళ్లను ఏరి చూపిస్తుంది.

ఒక్క పేరే వచ్చింది. ఈరప్ప. ఆమె తండ్రి.

"మా నాయన దినామూ క్యారేజీ పట్టుకోని వస్తాండాడు కదా మామా!" అని పక్కకు తిరిగి మెల్లగా అంది.

పక్కనే ఉన్న మేస్త్రీ సుంకప్ప గొంతు ఇంకా తగ్గించాడు. "గేటుదాకా వస్తాడు పాపా. దగ్గితే నెత్తురు పడతాండాది. నీకు చెప్పొద్దన్యాడు. హాజరు నేనే వేస్తాండా."

మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. "ఎవురి పేరొచ్చిందమ్మా?"

శివకుమారి తెరకు అడ్డంగా నిలబడింది.

"ప్రోగ్రామే తప్పు సార్. నాకింకా రాయడం రాలేదు."